తొమ్మిదో పాలచుక్క

ఏడన్‌కి ఊళ్ళో అందరి తాతముత్తాతల పేర్లూ వచ్చు. తన తండ్రి పేరు మాత్రం తెలియదు.

ఐర్లండు దీవిలో, పడమటి సముద్రం ఒడ్డున, ఆవుల్నీ గొర్రెల్నీ చూసుకుని రాజులు మురిసిపోయే రోజుల మాట ఇది. అప్పటికి అక్కడ రాత లేదు. ఎవరు ఎవరి మనవడో, ఏ పొలం ఎంతవరకో, ఏ నదిలో ఏ దేవత ఉంటుందో, అన్నీ కవుల బుర్రల్లోనే ఉండేవి. కవి ఒక పేరు తప్పు చెబితే రెండిళ్ళ వాళ్ళు కర్రలు పట్టుకుని కొట్టుకునేవారు. అందుకే కవి కావడానికి పన్నెండేళ్ళ చదువు. తలుపులు మూసిన గుడిసెలో వెల్లకిలా పడుకుని, పొట్ట మీద బండరాయి పెట్టుకుని వల్లె వేయాలి. రాయి దేనికంటే, నిద్ర రాకుండా. మన పిల్లలకి ఈ సంగతి చెప్పకపోవడమే మంచిది.

ఏడన్ ఆ పన్నెండేళ్ళూ మూరిన్ దగ్గర పూర్తి చేశాడు. మూరిన్ డెబ్బై దాటిన కవయిత్రి. బ్రిగిడ్ ఊట పక్కన ఆవిడ గుడిసె. బ్రిగిడ్ అంటే కవులకీ, కమ్మరులకీ, మందిచ్చే వాళ్ళకీ, పాడికీ తల్లి. చలికాలం చివర గొర్రెలు ఈని మొదటిసారి పాలు చేపే రోజు ఆ దేవత పండగ. ఆ రోజు ఆవిడ ఆకలిగొన్న మనిషి రూపంలో ఏ గుమ్మంలోకైనా వస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం.

కొత్త కవిని ఒప్పుకునేది కూడా ఆ రోజే. పెద్దలందరినీ పాతిపెట్టిన దిబ్బ మీద గుంట పడిన రాయి ఒకటుంది. కవి కాబోయేవాడు అందులో తొమ్మిది పాలచుక్కలు వేస్తూ, చుక్కకొకటి చొప్పున తన వాళ్ళ పేర్లు తొమ్మిది తరాల వెనక దాకా చెప్పాలి. పేరు విన్న పెద్దలు దిబ్బ లోపలి నుంచి వచ్చి ఆ చుక్క తాగుతారు. అప్పుడు కంచు గంటలు కట్టిన కొమ్మను అతని చేతికి ఇస్తారు. ఆ కొమ్మ ఊపితే రాజు కూడా మాట ఆపి వినాలి.

కొమ్మ లేనివాడు ఎంత చదివినా గుమ్మం దగ్గర నిలబడి నవ్వించి పోవలసిందే.

"పేర్లు లేనివాడికి కొమ్మ లేదు" అని ఊరి న్యాయాధికారి ఫెర్గల్ ముందే చెప్పేశాడు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఏడన్ ఎదురుపడితే తల తిప్పుకుని పోయేవాడు.

ఏడన్ సముద్రం తెచ్చిన బిడ్డ. తోలు పడవలో ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. ఆ తర్వాత ఏడేళ్ళు ఏడాదికో ఇంట్లో పెరిగాడు. చిన్నప్పటి ఇళ్ళు సరిగా గుర్తు లేవు. ఒక ఇల్లు అలవాటయ్యేసరికి మరో ఇంటికి నడిపించడం మాత్రం గుర్తుంది. ఏడేళ్ళు నిండాక మూరిన్ తీసుకుంది.

పండగ మూడు రోజులుందనగా అతను గురువు ముందు నిలబడి తన వంశం చదివాడు. తనే కట్టుకున్నాడు. తండ్రి అలల మీద నడిచిన వీరుడు. ఆయన తండ్రి దీవుల రాజు. అలా మెట్టు మెట్టుగా ఎక్కి, తొమ్మిదో పేరు దగ్గర సాక్షాత్తూ బ్రిగిడ్ తల్లినే తెచ్చి నిలబెట్టాడు. ఛందస్సులో వంక పెట్టడానికి లేదు.

మూరిన్ పొయ్యి దగ్గర కూర్చుని మొత్తం విన్నది.

"బాగుంది. నాలుగో ఆయన ఎవరన్నావు?"

"ఏడు పడవల మోర్నన్, అమ్మా."

"ఆయనకి ఏం జబ్బు?"

ఏడన్ తెల్లబోయాడు. "జబ్బేమిటి?"

"మా నాలుగో తాత బ్రాన్‌కి పంటినొప్పి. రాజుగారి ముందు పాడుతూ మధ్యలో ఏడ్చేశాడట. ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటాం. అందుకే ఆయన చుక్క మాత్రం వెచ్చ చేసి వేస్తాను. చల్లనిది పడితే జివ్వుమంటుందేమోనని."

ఏడన్ మాట కట్ట తెగింది.

"నన్నేం చెయ్యమంటారమ్మా? కన్నవాళ్ళు సముద్రంలోకి తోసేశారు. పెంచినవాళ్ళు ఏడాదికొకరు చొప్పున చేతులు దులుపుకున్నారు. మీకైతే పంటినొప్పి తాత ఉన్నాడు. నాకు ఈ అబద్ధం తప్ప ఏముంది?"

మూరిన్ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది. చూరులో చెయ్యి పెట్టి ఒక చిన్న కొయ్యగిన్నె తీసింది. పిల్లల చేతికి సరిపోయే గిన్నె. అంచు మీద పంటిగాట్లు ఉన్నాయి.

"ఇది మనింటిది కాదు. పండగలోపు ఎవరిదో కనుక్కుని ఇచ్చిరా."

"ఇప్పుడా?"

"మూడు రోజులుందిగా."

కొంప మునుగుతుంటే ఈవిడకి గిన్నె గొడవేమిటని ఏడన్‌కి ఒళ్ళు మండింది. కానీ గురువు మాట. గిన్నె చంకన పెట్టుకుని బయల్దేరాడు.

ముందు నేతపని చేసే సైవ్ ఇంటికి వెళ్ళాడు. మూరిన్ దగ్గరికి రాకముందు అతను ఆఖరున ఉన్న ఇల్లు అదే. పన్నెండేళ్ళుగా ఆ దారిన నడిచినా లోపలికి వెళ్ళలేదు. మగ్గం ముందున్న సైవ్ అతన్ని చూసి దారం వదిలేసింది.

"ఈ గిన్నె మీదేనా పిన్నీ?"

"నాదెక్కడిది? నీతో పాటు వచ్చింది, నీతో పాటు వెళ్ళింది." గిన్నె అందుకుని పైబట్ట కొంగుతో ఒకసారి తుడిచింది. "మూరిన్ నిన్ను తీసుకెళ్ళిన రోజు నాకు ముద్ద దిగలేదు."

"మరి ఎందుకు పంపేశారు?" ఆ మాట అనుకున్నదాని కన్నా గట్టిగా వచ్చింది.

సైవ్ అతనికేసి వింతగా చూసింది. "పంపకపోతే ఊరుకుంటారా? వంతు అయిపోయింది. సముద్రం తెచ్చిన బిడ్డని బ్రిగిడ్ పంపినట్టే. ఒక్క ఇల్లే దాచుకుంటానంటే కుదరదు. పండగ పండక్కి ఇల్లు మారాలి. నా వంతు కోసం నేను ఆరేళ్ళు కాచుకున్నాను. ఆఖరికి నీకు గొర్రెతోలు పక్క కుట్టి పెట్టుకుంటే, ఏడాది ఇట్టే అయిపోయింది."

మూడొందల కథలు నోటికొచ్చిన ఏడన్ ఒక్కటే అడిగాడు.

"గిన్నె ఎవరి దగ్గర్నుంచి వచ్చింది పిన్నీ?"

"గ్రెల్లా దగ్గర్నుంచి. కమ్మరి గ్రెల్లా."

కమ్మరి గ్రెల్లా కొలిమి ఊదుతోంది. గిన్నె చూడగానే చెయ్యి చాపి మణికట్టు చూపించింది. తెల్లటి మచ్చ.

"ఆ గాట్లూ నీ పళ్ళే, ఈ గాటూ నీ పళ్ళే. జాలరి మీలా ఇంటి నుంచి తెస్తుంటే దారంతా గిన్నె కొరుకుతూ ఏడ్చావు. ఎత్తుకోబోతే నన్నూ కొరికావు. అబ్బో, ఏం పళ్ళురా నాయనా! నా మొగుడు సుత్తి దెబ్బలు తిన్నాడు కానీ ఇలాంటి మచ్చ పడలేదు." నవ్వుతూనే అతని వీపు మీద ఒకటి వేసింది. "చెప్పు, మూరిన్ నీకు సరిగ్గా పెడుతోందా? బక్కగా ఉన్నావేం?"

మీలా పోయి నాలుగేళ్ళయింది. ఆమె కొడుకు ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. గిన్నె గుర్తుపట్టాడు కానీ ముట్టుకోలేదు.

"మా అమ్మ ఆఖరి రోజుల్లో మా పేర్లు కూడా మరిచిపోయింది. 'సముద్రం పిల్లాడు తిన్నాడా?' అని మాత్రం అడిగేది. తిన్నాడమ్మా అనేవాణ్ణి. నువ్వు తిన్నావో లేదో నాకేం తెలుసు?"

ఏడన్ ఆ వల పక్కన చాలాసేపు కూర్చున్నాడు. సిగ్గేసింది. పన్నెండేళ్ళు అదే ఊళ్ళో ఉండి, రాజుల ముత్తాతల పేర్లు నేర్చుకుంటూ, ఈ ముసలామె బతికుండగా ఒక్కసారి గుమ్మం తొక్కలేదు.

మీలా కొడుకు చెప్పిన గుర్తు పట్టుకుని మర్నాడు కొండ మీదికి వెళ్ళాడు. అక్కడ ఒకే ఇంట్లో ఉంటున్న అక్కచెల్లెళ్ళు దీరా, ఎవిన్. ఇద్దరికీ ఒక్క క్షణం పడదు. ఒకే ఇంటికి రెండు వంతులేమిటని ఊరంతా అంటే, "మాకు పొయ్యిలు రెండు" అని వాదించి రెండేళ్ళు ఉంచుకున్నారట. ఎవరి దగ్గర ఎక్కువ తిన్నాడో ఇప్పుడు కూడా తేలలేదు. అతని ముందే మళ్ళీ మొదలుపెట్టారు. ఇద్దరి పొయ్యిల దగ్గరా గంజి తాగేదాకా ఏడన్‌ని కదలనివ్వలేదు.

"మా దగ్గరికి నెస్టా దొడ్డి నుంచి వచ్చావు" అంది దీరా.

"అది నేను చెబుదామనుకున్నాను" అంది ఎవిన్.

నెస్టాను ఎప్పుడో అవతలి ఒడ్డు నుంచి చెరపట్టి తెచ్చారు. గొర్రెల దొడ్డిలోనే పని, అక్కడే పడక. ఏడన్ వెళ్ళేసరికి ఈనుతున్న గొర్రె దగ్గర మోకాళ్ళ మీద ఉంది. కూన బయటపడి, తల్లి దాన్ని నాకేదాకా అతనికేసి తిరగలేదు. తర్వాత గడ్డితో చేతులు తుడుచుకుని గిన్నె తీసుకుంది.

"దీంతోనే తాగేవాడివి. ఆ బూడిదరంగు గొర్రె పాలు. దానికి నువ్వంటే ఇష్టం. నన్ను తన్నేది, నిన్ను తన్నేది కాదు."

"మీకూ వంతు ఇచ్చారా?" అని అడిగి, అడిగినందుకు నాలిక్కరుచుకున్నాడు.

నెస్టాకి కోపం రాలేదు. "బానిసకి వంతేమిటని చాలామంది అన్నారు. ఆ మహాతల్లి ఒక్కతే అడ్డం పడింది. మంచం మీద ఉండి కూడా. 'బ్రిగిడ్ అన్ని గుమ్మాలకీ వస్తుంది, దొడ్డి గుమ్మానికి మాత్రం రాదా?' అంది. ఆ ఏడాది ఊళ్ళో ఆడవాళ్ళు నీ కోసం ఈ దొడ్డిలోకి వచ్చేవారు. వస్తే నన్నూ పలకరించాలిగా. అప్పట్నుంచి నన్ను పేరుపెట్టి పిలుస్తున్నారు. నిన్ను నేను పెంచానంటారు గానీ, అబ్బాయీ, ఎవరు ఎవరిని నిలబెట్టారో నాకు తెలుసు."

ఏడన్ వంగి ఆమె పాదాలు ముట్టుకోబోయాడు. ఆమె కంగారుగా వెనక్కి జరిగింది. గొర్రెకూన ఇద్దరి మధ్యా పడింది.

"ఎవరా మహాతల్లి?" అన్నాడు లేచి.

"ఓర్లా. ఆమె పోయిన మర్నాడే పండగ. ఆమె మొగుడు నిన్నూ గిన్నెనూ తెచ్చి ఇక్కడ దించి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు."

"ఎవరాయన?"

"ఫెర్గల్."

ఊళ్ళో ఏ గుమ్మానికి వెళ్ళకూడదో ఆ గుమ్మమే మిగిలింది. తిరిగి వెళ్ళిపోయి గిన్నె చూరులో పెట్టేద్దామా అనుకున్నాడు. ఎవరిదో కనుక్కుని ఇచ్చిరమ్మంది మూరిన్. కనుక్కోవడం అయింది, ఇవ్వడం కాలేదు.

పండగ ముందురోజు పొద్దెక్కాక ఫెర్గల్ ఇంటికి వెళ్ళాడు. ఆయన గుమ్మం ముందు కూర్చుని గొడ్డలికి పిడి చెక్కుతున్నాడు.

"అయ్యా, ఈ గిన్నె మీదట. ఇద్దామని వచ్చాను."

ఫెర్గల్ కత్తి ఆగింది. గిన్నె తీసుకుని తిరగేశాడు. అడుగున గోరంత పిచ్చుక చెక్కి ఉంది. బొటనవేలితో దాన్ని తడిమాడు.

"మా పాప కోసం చెక్కాను" అన్నాడు. "పదకొండు రోజులు బతికింది. గిన్నె పట్టుకునే వయసు రాలేదు. ఓర్లాకి పాలు ఆగేవి కావు. పొద్దున్నే సముద్రం ఒడ్డుకి వెళ్ళి ఇసకలో పిండేసి వచ్చేది. అలా వెళ్ళిన ఓ రోజు నీ ఏడుపు వినబడిందట."

ఏడన్ ఆయన ఎదురుగా చెక్కపొట్టు మీదే కూర్చున్నాడు.

"పడవ తీసుకొచ్చింది నేనే. నిన్ను గొర్రెతోలులో చుట్టి, పడవ పక్కబద్దకి తోలుతాడుతో కట్టారు. ఏడు ముడులు. సముద్రం పడవని ఎంత కుదిపిందో, లోపల ఒక్క తెడ్డు మిగల్లేదు. నువ్వు మాత్రం ఉన్నావు. ఆ ముడులు విప్పడం నా వల్ల కాలేదు. కోయాల్సివచ్చింది." ఆయన మొదటిసారి ఏడన్ మొహంలోకి చూశాడు. "పారేసే బిడ్డకి ఎవరూ అలా ముడులు వెయ్యరు."

ఏడన్‌కి కన్నవాళ్ళ మీద ఇన్నేళ్ళుగా ఉన్న కోపమంతా ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది.

ఫెర్గల్ గిన్నె తిరిగి అతని చేతిలో పెట్టాడు. గొడ్డలిపిడి అందుకున్నాడు.

"రేపు తొమ్మిది పేర్లు కావాలి. అందులో మార్పు లేదు."

మర్నాడు దిబ్బ మీద ఊరంతా చేరింది. పొదల మీద తెల్లబట్టలు ఆరవేసి ఉన్నాయి, బ్రిగిడ్ దారిన పోతూ ముట్టుకుంటుందని. నెస్టా పితికి తెచ్చిన పాలు వెచ్చగా ఉన్నాయి. ఏడన్ వాటిని ఆ కొయ్యగిన్నెలోనే పోయించుకున్నాడు. మూరిన్ గంటల కొమ్మ పట్టుకుని పక్కన నిలబడింది.

అతను గుంటరాయి ముందు మోకరిల్లాడు.

"నా పేరు ఏడన్. నాకు అన్నమూ చదువూ పెట్టింది మూరిన్." ఒక చుక్క. "మూరిన్ చేతికి నన్ను ఇచ్చింది సైవ్. నా కోసం ఆరేళ్ళు కాచుకుంది." మరో చుక్క. "సైవ్ చేతికి ఇచ్చింది గ్రెల్లా. ఆమెని కొరికాను."

జనంలో నవ్వులు లేచాయి. "ఇదేం వంశంరా?" అన్నారెవరో. ఫెర్గల్ చెయ్యెత్తాడు. నవ్వులు ఆగాయి.

"గ్రెల్లా చేతికి ఇచ్చింది మీలా. అమ్మా, నేను తిన్నాను." ఇంకో చుక్క. వెనక ఎక్కడో మీలా కొడుకు తలపాగా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "మీలాకి ఇచ్చింది ఎవిన్, ఎవిన్‌కి ఇచ్చింది దీరా. ఇద్దరి దగ్గరా సమానంగానే తిన్నాను." రెండు చుక్కలు. "దీరాకి ఇచ్చింది నెస్టా. నెస్టాకి ఇచ్చింది ఓర్లా. తన పాపకి పట్టాల్సిన పాలు నాకు పట్టింది."

ఓర్లా పేరు ఆ ఊళ్ళో నలుగురి ముందూ వినబడి పద్దెనిమిదేళ్ళయింది. వంశాల్లో మగవాళ్ళ పేర్లే చెబుతారు. ఫెర్గల్ కళ్ళు మూసుకున్నాడు.

ఎనిమిది అయ్యాయి. ఏడన్ గిన్నెని రాతి మీదికి వంచాడు.

"ఓర్లా చేతికి నన్ను పంపింది ఎవరో, పేరు తెలియదు. ఏడు ముడులు వేసింది. ఒక్కటీ ఊడలేదు."

తొమ్మిదో చుక్క పడింది. అందరూ ఫెర్గల్ వైపు చూశారు.

ఆయన లేచి రాతి దగ్గరికి వచ్చాడు. "ఇవి నీ రక్తం వాళ్ళ పేర్లు కావు."

"కావయ్యా."

"ఈ రాతిలో మనం పోసేది రక్తమా?"

"పాలు."

ఫెర్గల్ తలూపాడు. జనం వైపు తిరిగాడు. "తొమ్మిదో ఆమె పేరు నాకూ తెలియదు. కానీ ఆమె చేతి ముడులు నేను చూశాను. ఆమెకి సాక్షిని నేను."

అని, న్యాయం చెప్పేవాడు చేయకూడని పని ఒకటి చేశాడు. వంగి, వేలు పాలలో ముంచి, తన తరఫున ఒక చుక్క వేశాడు. పెదవులు కదిలాయి. పదకొండు రోజులు బతికిన పాప పేరు దగ్గరున్న ఏడన్‌కి వినబడింది. అంతకుముందు రోజు దాకా తన మొహం చూడని మనిషిని అతను పట్టుకుని లేపాడు. ఇద్దరూ ఏడుస్తున్నారు, ఇద్దరూ అందుకు సిగ్గుపడలేదు.

మూరిన్ గంటల కొమ్మ ఏడన్ చేతిలో పెట్టింది.

జనం విందుకు దిగిపోయాక గురువూ శిష్యుడూ ఊట దగ్గర మిగిలారు. ఏడన్ ఒక చేతిలో కొమ్మ, ఇంకో చేతిలో గిన్నె. అతని మనసు నిండిపోయి ఉంది. ఏం చెప్పినా తక్కువే అవుతుందనిపించింది.

"అమ్మా, గిన్నె ఎవరిదో మీకు ముందే తెలుసా?"

"ఇచ్చేశావా?"

"ఇచ్చాను. ఆయన మళ్ళీ నాకే ఇచ్చారు."

"అయితే కడిగి చూరులో పెట్టు" అంది మూరిన్. "ఎవరో ఒకరు ఆకలితో వస్తారు."

ఏడన్ గంటల కొమ్మను గడ్డి మీద పెట్టి, ఊటలోకి వంగి గిన్నె కడిగాడు.